రూపాయి పడిపోతే

పెట్టుబడుల ఉద్యోగం అనేది ఒకటుందని నాకు తెలిసింది నాగల్‌గిద్ద నుంచి తిరిగొచ్చే జీపులో. తొంభైల మొదట్లో నేను నారాయణఖేడ్‌లో ఒక బ్యాంకులో పంట రుణాలు చూసేదాన్ని. హైదరాబాదు విత్తనాల కంపెనీలో వాటా కొందామని ఒక విదేశీయుడు వస్తే, కంది చేలు చూపించి రైతుల మాటలు ఇంగ్లీషులో చెప్పమని మేనేజరు నన్ను పంపాడు.

దారిలో ఆ విదేశీయుడు వెనక్కి తిరిగి నన్ను అడిగాడు: "రేపు రూపాయి విలువ పడిపోతే, నేనిక్కడ పెట్టిన డబ్బు ఏమవుతుంది?"

తెలియదన్నాను. ఆయన తలూపి, పక్కనున్న కంపెనీ మనిషితో ఆ సంగతే మాట్లాడసాగాడు. సగం అర్థమైంది, సగం జీపు మోతలో కలిసిపోయింది. వినబడని ఆ సగం నన్ను కుదురుగా ఉండనివ్వలేదు. కౌంటరు ముందు రైతులు నిలబడి ఉంటే నా మనసు ఎక్కడో తిరిగేది. ఇంట్లో కూర మాడ్చేదాన్ని.

నా భర్త బస్టాండు దగ్గర ట్రాక్టర్లు బాగుచేసేవాడు. బిజినెస్ స్కూల్ ప్రవేశపరీక్ష రాస్తానని షెడ్డుకే వెళ్లి చెప్పాను.

"బ్యాంకు నౌకరి ఇడిసిపెట్టి మల్ల సదువుతవా?"

"రెండేండ్లే."

"గా తర్వాత ఈడికే వస్తవా?"

"తెల్వది."

గుడ్డతో చేతుల గ్రీజు తుడుచుకున్నాడు. "వస్తనని అబద్ధం చెప్పలే, గదే మంచిగైంది. ఇప్పుడు మాత్రం నువ్వు ఈడ ఉంటున్నవా ఏంది? రాయి పరీక్ష."

బెంగళూరులో సీటొచ్చింది. బీదర్ మీదుగా బస్సెక్కి వెళ్లాను. తరగతిలో అందరూ నాకన్నా చిన్నవాళ్లు, షేర్ల గురించి ఇంట్లో భోజనాల దగ్గరే విని పెరిగినవాళ్లు. నేను ఇంగ్లీషులో వాక్యం కూర్చుకునేలోపు చర్చ ఇంకెక్కడికో పోయేది. విదేశీ మారకం పాఠాలు మొదలయ్యాక మాత్రం ముందు బెంచీలో కూర్చున్నాను. జీపులో వినబడని సంగతి అక్కడే అర్థమైంది: రూపాయి పడితే ఇక్కడి లాభం డాలర్లలోకి మార్చేసరికి తగ్గిపోతుంది. ఇక మనసు నిమ్మళిస్తుందనుకున్నాను. నిమ్మళించలేదు, ఒకటి తెలిస్తే ఇంకో నాలుగు అడగాలనిపించేది.

ఉద్యోగాల ఇంటర్వ్యూలో ఒక పెద్ద కంపెనీవాళ్లు నా భర్త ఎక్కడుంటాడని అడిగారు. చెప్పాను.

"అయితే మీరు ఎక్కువ కాలం ఉండరు."

"అది మీరెట్లా చెప్తారు? నా పని గురించి అడగండి" అన్నాను. ఆ ఉద్యోగం రాలేదు.

సింగపూర్ వాళ్ల డబ్బును మన కర్మాగారాల్లో పెట్టే ఒక చిన్న బొంబాయి సంస్థ నన్ను తీసుకుంది. వానలు లేని ఏడాది రైతుకు అప్పు ఇవ్వాలో వద్దో ఎట్లా తేల్చేదాన్నని అడిగారు. దాని గురించి చాలాసేపు చెప్పాను, ఎవరూ ఆపలేదు.

నా భర్త కూడా బొంబాయి వచ్చి ఒక గ్యారేజీలో చేరాడు. అక్కడ ఊపిరాడలేదు. "ఇగ నాతోని గాదు" అని వానాకాలంలోనే నారాయణఖేడ్‌కు వెళ్లిపోయాడు. నేను ఆపలేదు, ఆయన నన్ను రమ్మనలేదు. నాకు పని మీద నెలకోసారి సింగపూర్, మధ్యలో పూణే, కోయంబత్తూరు. విమానంలో కూర్చుంటే ఇల్లు గుర్తొచ్చేది. సెలవుకు ఇంటికి వెళ్తే మరునాటికే ఆఫీసుకు ఫోన్ చేయడానికి ఎస్టీడీ బూత్ దగ్గర నిలబడేదాన్ని.

"వచ్చినవా, పోతున్నవా?" అని ఆయన అడిగేవాడు. నాకూ తెలిసేది కాదు.

ఒకసారి ఫోన్ చేస్తే, షెడ్డు తీసేసి జహీరాబాద్‌లో బొంబాయి రోడ్డు మీద కొత్తది పెట్టానన్నాడు. బొంబాయి బస్సు అక్కడే ఆగుతుంది. అక్కడి నుంచి ఖేడ్ పోయే పని నాకు తప్పింది.

"నా కోసమా?" అన్నాను.

"ఖేడ్‌ల ట్రాక్టర్లే. ఈడ లారీలు మస్తుగొస్తయ్" అన్నాడు. "ఎప్పుడొస్తున్నవ్?"

శనివారం అన్నాను. సోమవారం నేను సింగపూర్‌లో ఉండాలి. ఆ సంగతి ఫోన్ పెట్టేముందే చెప్పాను.