నాన్న ఆఖరి ట్రిప్పు, డేజన్ సెక్షన్

ఆ రోజుల్లో నాకు ఊరు చూడడమంటే ఆ ఊళ్ళో నేనెలా ఉన్నానో చూసుకోవడమే. ఇరవై మూడేళ్ళ వయసు, కొరియాలో డేజన్ అనే నగరంలో ఏడాది చదువు, తల నిండా కొరియా సీరియళ్ళు. వాటిలో అమ్మాయిలు తలకి పూలచుట్టు పెట్టుకుని, ప్రపంచంలో వేరే పనేమీ లేనట్టు తోటల్లో తిరుగుతుంటారు. నేనూ ఒక్కసారి అలా నడవాలి, ఎవరైనా ఆ ఫొటో తియ్యాలి, అది ఖరగ్‌పూర్ ట్రాఫిక్ సెటిల్‌మెంటు అనే రైల్వే కాలనీలో మా క్వార్టర్ల వరసంతా చూసి కుళ్ళుకోవాలి. నా జీవితాశయం అప్పటికి అంతే (చదువుది రెండో స్థానం). ఇప్పుడు ముప్పై దాటాక ఆ పిల్ల ఎదురుపడితే నెత్తిన ఒక్కటిచ్చి, తర్వాత టీ ఇప్పిస్తాను.

ఆ ఫొటో తియ్యడానికి మనిషి దొరికాడు. మా నాన్న. రైల్వేలో ఇంజను డ్రైవరుగా చేసి కొత్తగా రిటైరయ్యాడు, వారం రోజులు నన్ను చూడడానికి వచ్చాడు. అమ్మకి విమానం అంటే భయం, అందుకని రెండు సూట్‌కేసుల నిండా జంతికలు పంపి తాను ఇంట్లో ఉండిపోయింది. నాన్నకి ఏ వింతా వింతగా అనిపించలేదు, ఆ ఊరి రైలు తప్ప. విమానాశ్రయం నుంచి డేజన్‌కి వచ్చిన రైల్లో దారి పొడుగునా కిటికీకి ముక్కు ఆనించి కూర్చుని, "కుదుపు లేదమ్మా. గ్లాసులో నీలు కదలట్లేదు సూడు," అని నాకు, పక్కాయనకి, ట్రాలీ తోసుకొచ్చిన అమ్మాయికి వరసగా చెప్పాడు. తెలుగులోనే చెప్పాడు. అందరూ తలూపారు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మా ఊళ్ళో డ్రైవరు రిటైరయ్యేటప్పుడు ఆఖరి ట్రిప్పు పెద్ద పండగ. ఇంజనుకి పూలదండలు వేస్తారు, ప్లాట్‌ఫారం మీదకి ఇంటిల్లిపాదీ కొత్తబట్టలు కట్టుకుని వస్తారు, బండి ఆగాక డ్రైవరు మెడలో దండతో మెట్లు దిగుతాడు. దిగే ముందు ఇంజను గోడ మీద చెయ్యి వేసి ఒక్క క్షణం ఆగుతాడు, అప్పుడు ఎంత గట్టివాడైనా ఏడుస్తాడు. మా నాన్నకి అది దక్కలేదు. రిటైర్మెంటుకి రెండేళ్ళ ముందు కళ్ళ పరీక్షలో దూరం సిగ్నలు సరిగ్గా ఆనడం లేదని తేలి, ఇంజను దింపి ఆఫీసులో కుర్చీ ఇచ్చారు. ఆ ముందురోజు తోలిన గూడ్సే తన ఆఖరి బండి అని అప్పుడు ఆయనకి తెలియదు. నిమ్‌పురా యార్డులో దాన్ని వదిలేసి, టిఫిన్ డబ్బా పట్టుకుని ఇంటికొచ్చి, కాకరకాయ వేపుడు లేదేమిటని అమ్మ మీద విసుక్కున్నాడు. ఆ తర్వాత ఎప్పుడూ దాని గురించి మాట్లాడలేదు. ఇరుగుపొరుగు ఆఖరి ట్రిప్పులకి మాత్రం పిలుపొస్తే ఏదో పని కల్పించుకునేవాడు.

ఇక ఆ రోజు. యూసంగ్ అని డేజన్‌లో ఒక పేట ఉంది. వేడినీటి ఊటలు, నది, నది ఒడ్డున పార్కు, సైన్సు మ్యూజియం, చెట్ల తోట, అన్నీ ఆ చుట్టుపక్కలే. అన్నీ ఒకే రోజులో చుట్టేసి, సాయంత్రం ఎండ పసుపు తిరిగే వేళకి తోటలోని పూలమడుల దగ్గరికి చేరాలని నా పథకం. నది పార్కు దగ్గర గులాబీ రంగు ప్లాస్టిక్ పూలచుట్టు కూడా కొన్నాను. వెనకాల రిబ్బనుతో ముడి వేసుకునే రకం. ఉత్సాహం పట్టలేక పొద్దున్నుంచీ నేను నడవలేదు, గెంతాను.

గెంతడానికి అడ్డం రోడ్డు దాటే చోట్లు. నాన్న ప్రతి సిగ్నలు దగ్గరా ఆగి, కుడిచెయ్యి బారుగా చాపి, "రెడ్" అని గట్టిగా అనేవాడు. నేను కూడా చెయ్యి చాపి "రెడ్" అనాలి. అది డ్రైవరూ అసిస్టెంటూ ఇంజనులో పాటించే పద్ధతి, ఒకరు చూసి చెబితే రెండోవాళ్ళు చూసి తిరిగి చెప్పాలి. చిన్నప్పుడు స్కూటరు ముందు నిలబడి నేను ఆయనకి అసిస్టెంటుగా ఎన్ని సిగ్నళ్ళు అరిచానో లెక్కలేదు. కానీ డేజన్‌లో, చుట్టూ ఇస్త్రీ మడత నలగని మనుషుల మధ్య, ఇరవై మూడేళ్ళ ఆడపిల్ల చెయ్యి చాపి రెడ్ అంటుందా? నేను ఫోను చూసుకుంటూ నిలబడ్డాను. నా నోటి నుంచి జవాబు వచ్చేదాకా ఆయన కదలడు.

"అందరూ చూస్తున్నారు నాన్నా."

"సూడనీ. నీకు గ్రీన్ కనబడిందా లేదా, అది సెప్పు."

"కనబడింది, నడు."

"కనబడింది కాదు. గ్రీన్ అనాలి."

వేడినీటి కాలువలో కాళ్ళు పెట్టుకు కూర్చున్నాం (నాన్న లేవనన్నాడు), వంతెన ఎక్కాం, దిగాం, మధ్యాహ్నం దాటాక మ్యూజియంలో పడ్డాం. డైనోసార్ల ఎముకల పక్కనుంచి నేను వేగంగా నడిపించుకుపోతుంటే ఒక మూల ఆయన నిలిచిపోయాడు. అక్కడ రైలింజను ముందుభాగంలా కట్టిన చిన్న గది ఉంది. లోపల కుర్చీ, చేతిపిడి, ఎదురుగా పెద్ద తెర. తెర మీద పట్టాలు పరుగెత్తుతున్నాయి. కుర్చీలో కూర్చున్నవాళ్ళు స్టేషను నుంచి స్టేషనుకి బండి తోలొచ్చు. బయట వరస, వరసలో పిల్లలూ వాళ్ళ అమ్మానాన్నలూ, ముందు పెద్ద అంచు ఉన్న ఎండటోపీతో ఒక ముసలావిడ.

"తోలతావా నాన్నా?" అన్నాను, రెండు నిమిషాల్లో తేలిపోతుంది కదా అని.

ఆయన వంతు వచ్చింది. ఎక్కలేదు. చేత్తో వెనకవాళ్ళని ముందుకి పంపి, గది గుమ్మం దగ్గర నిలబడి, తెర కేసి చూడడం మొదలెట్టాడు. ఒక పిల్ల తోలింది. ఒక తండ్రి తోలాడు. నాన్న పెదవులు కదుపుతున్నాడు.

"ఎక్కవేం?"

"తెలీని రోడ్డు మీద బండి తీస్తారేటమ్మా? ముందు రోడ్డు నేర్సుకోవాల. మూడు ట్రిప్పులు సూడాల, అప్పుడే సంతకం."

ఇది నిజంగానే రైల్వే నియమం. కొత్త మార్గంలో డ్రైవరు ముందు ఊరికే కూర్చుని వెళ్ళి, ఎక్కడ మలుపు, ఎక్కడ ఎత్తు, ఎక్కడ సిగ్నలు అన్నీ చూసుకుని, మార్గం తెలిసిందని సంతకం పెట్టాకే సొంతంగా బండి తీస్తాడు. బొమ్మ రైలుకి కూడా అది వర్తిస్తుందని ఏ నియమావళిలోనూ ఉండదు, మా నాన్న బుర్రలో తప్ప. ఒక్కో ట్రిప్పు తాపీగా అయ్యేది. కిటికీలోంచి వస్తున్న ఎండ మెల్లగా పసుపు తిరగడం నాకు కనిపిస్తోంది. అది నా ఎండ. నా పూలతోట ఎండ. కోపంతో చేతిలో పూలచుట్టు నలిపేస్తున్నాను.

"నాన్నా, ఇది ఆట. తోట మూసేస్తారు."

ఆయన తల తిప్పలేదు. "మూడో స్టేషను ముందు ఎడం మలుపుందమ్మా, సిగ్నలు మలుపు దాటేదాకా కనబడదు," అన్నాడు. ఆ గొంతు నాకు తెలుసు. డ్యూటీకి వెళ్ళే ముందు గుమ్మంలో బూట్లు కట్టుకుంటూ మాట్లాడే గొంతు. రెండేళ్ళుగా మా ఇంట్లో వినబడని గొంతు. నా కోపం అక్కడే కాళ్ళు విరిగి కూలబడింది.

మూడు ట్రిప్పులూ చూసి ఎక్కాడు. పిల్లల కుర్చీ, మోకాళ్ళు గడ్డానికి తగులుతున్నాయి. అక్కడి ఉద్యోగిని ఒక డ్రైవరు టోపీ పెట్టింది, అది పిల్లలది కావడం వల్ల నడినెత్తిన అప్పడంలా నిలబడింది. బండి తియ్యమని తెర మిణుకుమిణుకు మంటున్నా ముందు బ్రేకు రెండుసార్లు వేసి చూసుకున్నాడు. అప్పుడు తీశాడు. ఎంత మెత్తగా తీశాడంటే, గ్లాసు ఉంటే నీళ్ళు కదిలేవి కావు.

మూడో స్టేషను ముందు మలుపు వచ్చింది. నాన్న కళ్ళు చికిలించి ముందుకి వంగాడు. "ఏటుందమ్మా? నాకు మసగ్గా ఉంది."

అప్పుడు అర్థమైంది, పొద్దున్నుంచీ రోడ్ల మీద ఆయన నన్ను ఎందుకు అడుగుతున్నాడో. పద్ధతి కోసం కాదు. కళ్ళకి సరిగ్గా ఆనక. నాకు ఏడుపొచ్చింది. మ్యూజియం మొత్తం తిరిగి చూసేంత గట్టిగా, చెయ్యి బారుగా చాపి, "ఎల్లో," అన్నాను.

"ఎల్లో," అన్నాడు నాన్న, వేగం తగ్గిస్తూ.

అక్కణ్ణుంచి ఆఖరి స్టేషను దాకా నేను అసిస్టెంటుని. గ్రీన్, గ్రీన్, ఎల్లో, రెడ్. వరసలో వాళ్ళు మొదట నవ్వారు, తర్వాత పిల్లలు నాతోపాటు చేతులు చాపడం మొదలెట్టారు. బండి ప్లాట్‌ఫారం గీత దగ్గర ఆగింది. ఆలస్యంగా వచ్చినందుకు ఆట ఆయనకి ఒక్క స్టారే ఇచ్చింది. నేను పూలచుట్టు రిబ్బను ముడి విప్పి, అది పొడుగ్గా సాగాక, ఆ చెక్క ఇంజను కిటికీకి ఒకసారి తాకించి, నాన్న మెడలో వేశాను. ఒక చెవి కింద నుంచి ఇంకో చెవి కింద దాకా సరిపోయింది.

నాన్న దండ సరిచేసుకున్నాడు. దిగలేదు.

"దిగు నాన్నా, వెనక మనుషులున్నారు."

"డ్యూటీ అందుకునే రిలీవర్ రాకుండా ఇంజను వొదలకూడదు," అన్నాడు, పిడి మీంచి చెయ్యి తియ్యకుండా.

ఎండటోపీ ముసలావిడ ముందుకొచ్చింది. ఆవిడకి ఏం అర్థమైందో తెలియదు గానీ నడుం వంచి నమస్కారం పెట్టి నిలబడింది. నాన్న లేచాడు. "బండి ఠీక్ హై దీదీ. బ్రేకు కొంచెం లేటుగా పడతాది, సూసుకోండి," అని పిడి అప్పగించాడు. ఆవిడ కొరియన్‌లో ఏదో గట్టిగా భరోసా ఇచ్చింది. దిగే ముందు నాన్న ఆ చెక్క గోడ మీద చెయ్యి వేసి ఆగాడు. వరసంతా చప్పట్లు కొట్టింది, ఎందుకో వాళ్ళకి తెలియకుండానే.

తోటకి చేరేసరికి గేటు మూసేశారు. నా ఫొటో లేదు. ఆ రోజు మిగిలిన ఒకే ఒక్క ఫొటోలో నాన్న మోకాళ్ళూ, అప్పడం టోపీ, మెడలో గులాబీ రంగు ప్లాస్టిక్ ఉన్నాయి. అది చూసి అమ్మ ఫోన్‌లో, "దండ బానే ఉంది గానీ కొత్త సొక్కా ఎయ్యలేదేటి?" అని ఒక్క ముక్క అడిగింది.

ఆ దండ ఇప్పుడు మా ఇంట్లో నాన్న యూనిఫాం తగిలించిన కొక్కేనికి వేలాడుతోంది, రంగు సగం వెలిసిపోయి. ఆ పూలతోట నేను ఇప్పటికీ చూడలేదు. పోయినసారి ఇంటికెళ్ళినప్పుడు కొత్తగా చేరిన కుర్ర డ్రైవరొకడు వచ్చి, మర్యాదగా, "తమ ఆఖరి ట్రిప్పు ఏ సెక్షన్లో సేసినారండీ?" అని అడిగాడు. నేను వంటింట్లో గరిట పట్టుకుని ఆగిపోయాను.

"డేజన్," అన్నాడు నాన్న. "రోడ్డు నేర్సుకునే తోలినాను. మా అమ్మాయే అసిస్టెంటు."