దొరవారిసత్రం నుంచి తెచ్చిన నెత్తురు చుక్కలు

అరవైల మొదట్లో నేను నెల్లూరులో ఒక ఆసుపత్రి ల్యాబులో రక్తం పరీక్షించేదాన్ని. పొలంలో ఎలుక కన్నాలు తవ్వి వడ్లు తీసిన రమణయ్య అనే రైతు జ్వరంతో మా వార్డులో చేరాడు. అతని రక్తంలో తెల్లకణాలు బాగా పడిపోయాయి. ఎలుకల నుంచి వచ్చిన వైరస్ జ్వరమేమోనని డాక్టరుగారి అనుమానం. జ్వరం కాస్త తగ్గగానే రమణయ్య చెప్పకుండా దొరవారిసత్రం దగ్గరి తన ఊరికి వెళ్లిపోయాడు. కణాలు మళ్లీ పెరిగాయో లేదో చూడాలని డాక్టరుగారు నన్ను పంపారు.

ఉదయం పాసింజరెక్కాను. గూడూరులో బండి ఎంతకీ కదల్లేదు. ఇడ్లీ కొన్నాను గానీ సగం కూడా తినబుద్ధి కాలేదు. ఎదుటి సీట్లో చేపల గంపతో కూర్చున్నామె నెత్తురు పూసే గాజుపలకలున్న నా చెక్కపెట్టె చూసి, "ఏందక్కా, గాజులమ్ముతావా?" అంది.

"గాజే గానీ, గాజులు కాదమ్మా" అన్నాను.

దొరవారిసత్రంలో దిగి, దారి అడుగుతూ పొలం గట్ల వెంట నడిచాను. రమణయ్య అరుగు మీద గంజి తాగుతున్నాడు. "నాకు తగ్గిపోయిందిమా. లోపల మా ఆడమనిషిని చూడు" అన్నాడు. అతని భార్య సుబ్బమ్మ దుప్పటి కింద వణుకుతోంది. కన్నాలు తవ్వినప్పుడు ఆమె కూడా ఉందట.

ఇద్దరి వేళ్ల నుంచీ చుక్క నెత్తురు తీసి గాజుపలకల మీద పూసి ఆరబెట్టాను.

"ఎట్టుందిమా?" అన్నాడు రమణయ్య.

మైక్రోస్కోపు నెల్లూరులో ఉంది. నా చేతిలో ఉన్నవి రెండు ఎర్రటి మరకలు. "ఇక్కడ చెప్పలేను. ఈమెను నాతో పంపించన్నా."

"కుప్ప నూర్చాల. రేపు చూస్తాంలే."

"రేపటికి ఎట్లా ఉంటుందో నాకే తెలియదు."

అతను ఎద్దుబండి కట్టించాడు. తానూ వస్తానంటే సుబ్బమ్మ ఒప్పుకోలేదు.

తిరుగు రైలు ఆలస్యంగా వచ్చింది. ఒక పెద్దాయన లేచి కిటికీ పక్క చోటిచ్చాడు. మనుబోలు వస్తుండగా సుబ్బమ్మ కళ్లు తెరిచింది. "తెల్లకణాలు తగ్గితే చచ్చిపోతారా అక్కా?"

"మీ ఆయనకీ తగ్గాయి. గంజి తాగుతున్నాడు గదా."

"చూసినాక నాకే చెప్పు. ఆయనకు చెప్పబాకు. నిలబడే ఓపిక లేకపోయినా వచ్చేస్తాడు."

సాయంత్రం ల్యాబులో ముందు రమణయ్య పలక చూశాను. తెల్లకణాలు మళ్లీ బాగానే కనిపించాయి. సుబ్బమ్మ పలకలో ఒక్కొక్కదాన్నీ వెతుక్కోవలసివచ్చింది. దాచకుండా ఆమెకు చెప్పాను.

"అయితే పడక యాడో చూపించు" అందామె.

ఆ జ్వరానికి మందు లేదు, పేరు కూడా మాకు చివరిదాకా తేలలేదు. సుబ్బమ్మ మాత్రం కోలుకుని, తన కాళ్ల మీద తాను నడిచి స్టేషనుకు వెళ్లింది. ఆ దారిన వెళ్లేవారికి నేను చెప్పగలిగింది ఒకటే. దొరవారిసత్రం దూరమేమీ కాదు. కానీ జ్వరంతో కాలిపోయే మనిషి మన భుజం మీద తల వాల్చి ఉంటే, ప్రతి స్టేషనులోనూ దిగి బండిని తోయాలనిపిస్తుంది.