నచ్చని ముడి

నా చిన్నప్పుడు లింబాయత్ బస్తీలో మా ఒంటి గదిలో సగం చోటు మాది, సగం చిందీ గోతాలది. చిందీ అంటే చీరలు కోయగా మిగిలిన గుడ్డపేలికలు. మా నాయనమ్మ గల్లీ గల్లీ తిరిగి వాటిని కొని, రంగులవారీగా ఏరి, గోతాలకెత్తి, ధర బాగున్నప్పుడు అమ్మేది. ఆ ఏడాది తొమ్మిది గోతాలు పోగయ్యాయి. వాటిని అమ్మి మా అమ్మకు పాత కుట్టుమిషను కొనాలని ఆమె పట్టు. అమ్మ ఉధ్నాలో రంగుల మిల్లుకు పోయి రోజూ దగ్గుతూ ఇంటికొచ్చేది. మిషనుంటే ఇంట్లోనే పని చేసుకోవచ్చు.

నాయనమ్మకు అక్షరం రాదు. అప్పటికి నాకూ రాదు. నేను చదువు నేర్చింది నా మనవరాలు బడికి పోయే రోజుల్లో, దాని పలక మీదే. అయినా నాయనమ్మకు ధర పోకడ తెలిసేది. తలుపు వెనక తీగకు రోజుకొక పేలిక వేలాడదీసి, ధర ఎక్కువైతే పైన, తక్కువైతే కింద ముడి వేసేది. పది పైసలకు ఒక వేలి వెడల్పు లెక్క. వరుసగా చూస్తే ముడులు ఎక్కుతూ దిగుతూ కనిపించేవి.

"ఎంత పైకి దుంకిందని కాదు బిడ్డా, పడ్డప్పుడు యాడ నిలబడ్డదో చూడాలె," అనేది. పడ్డ ప్రతిసారీ మునుపటికంటే పైనే ఆగితే ధర ఇంకా ఎక్కుతున్నట్టు. ఆగే చోటే కిందికి జారితే జాగ్రత్త పడాలి.

రోజూ సాయంత్రం ధర తెచ్చే పని నాది. చిందీ కొనే సేఠు నోటితో అనే ధర కాదు, అతని తూకం కాంటా పక్కన నిలబడి ముందున్న మనిషికి కిలోకు ఎంత ఇచ్చాడో చూసి రావాలి. నన్ను చూడగానే సేఠు "ఆ గయీ భావ్‌వాలీ" అని, ధరల పిల్ల వచ్చిందని నవ్వేవాడు. దీవాళీ దాటితే ధర రెట్టింపవుతుందని గల్లీ అంతా చెప్పుకునేది.

ఒకరోజు ధర మునుపు ఆగిన చోటుకంటే రెండు వేళ్లు కిందికి పడింది. మిషను చేజారినట్టే అనిపించి నాకు ఏడుపొచ్చింది. ఇంటికొచ్చి నిన్నటి ధరే చెప్పాను. మరునాడు లేచి, మునుపు ఆగిన చోటుకు కాస్త పైకి వచ్చింది. ఆ నిజం మాత్రం చెప్పాను. నాయనమ్మ తీగ చూసి, "మునుపటికంటె పైన్నే నిలబడ్డది. ఇంకో నెల ఆగుదాం," అంది. పక్కన అమ్మ దగ్గుతోంది.

తింటున్న అన్నం వదిలేసి తలుపు వెనక నాయనమ్మకు అంతా చెప్పేశాను. దెబ్బ పడుతుందని కళ్లు మూసుకున్నాను. ఆమె ఆ అబద్ధపు ముడి విప్పి పేలికను నా చేతికిచ్చింది. "నువ్వే కట్టు పిల్లా. నచ్చని ముడి గూడ కట్టాలె. లేకుంటె మనమే మనకు అబద్ధం చెప్పుకున్నట్టు." మునుపు ఆగిన చోటుకు రెండు వేళ్లు కింద కట్టాను. ఆమె తీగ మీది వరుసంతా మళ్లీ చూసి, "ఇగ ఆగొద్దు," అంది.

పొద్దున్నే తోపుడు బండి మాట్లాడి తొమ్మిది గోతాలూ అమ్మేసింది. "ముసల్దానికి జర ఓపిక లేకపాయె," అని గల్లీ ఆడవాళ్లు నవ్వారు. "ఓపిక ఉన్నది, జాగనే లేదు. కాళ్లు చాపుకొని పండాలె," అని తనూ నవ్వింది. ఆ తర్వాత ధర వారం వారం జారుతూనే పోయింది. దీవాళీకి సగం కూడా పలకలేదు. అప్పటికే మా ఇంట్లో మిషను చప్పుడు. చలికాలానికి అమ్మ దగ్గు తగ్గింది. నా అబద్ధం సంగతి నాయనమ్మ ఎవరికీ చెప్పలేదు.

ఇప్పుడు మనవరాలు ఫోన్లో షేర్ల ధరల గీతలు చూపిస్తే, తీగ మీది పేలికలే గుర్తొస్తాయి. డాక్టరమ్మ నన్ను రోజూ బీపీ రాసిపెట్టుకోమంది. అంకె పెరిగిన రోజు నా కలం కాసేపు ఆగుతుంది. ఎవరు చూడొచ్చారు, నిన్నటిదే వేస్తే పోలేదా అనిపిస్తుంది. అయినా ఉన్నదున్నట్టు రాస్తాను. రాశాక, ఆనాడు తలుపు వెనక ముడి కట్టాక తేలికైనట్టే, గుండె తేలికవుతుంది.