రోజూ మొదటి ట్యూబు మేడమ్ గారిదే

మా మేడమ్ గారు పోయారని ఫోన్ వచ్చినప్పుడు నేను మెషీనులో రక్తం ట్యూబులు సర్దుతున్నాను. ఆవిడ దగ్గర చివరగా పరిశోధన చేసిన అమ్మాయి చేసింది. "అక్కా, మేడమ్ గారు ఇంక లేరు. పొద్దున్న కాఫీ తాగి కుర్చీలో వెనక్కి వాలారంట, అంతే" అంది. సరేనని ఫోన్ పెట్టేసి, మిగిలిన ట్యూబులన్నీ వరసగా పెట్టి, మెషీను నడిపి, రిపోర్టులు తీసి, అప్పుడు కూర్చుని ఏడ్చాను. పని సగంలో వదిలేసి ఏడిస్తే ఆవిడకి గిట్టదు. "ఎవరో సూది పొడిపించుకుని ఇచ్చిన రక్తమమ్మా అది. నీ ఏడుపు అయ్యేదాకా ఆగదు" అనేవారు.

ఆవిడ రాజమండ్రిలో బయోకెమిస్ట్రీ పాఠాలు చెప్పేవారు. పాఠాలకన్నా పరిశోధన మీదే ప్రాణం. పుట్టిన కొన్ని నెలలకే పాలిపోయి, బతికినన్నాళ్ళూ నెలనెలా రక్తం ఎక్కించుకోవాల్సిన పిల్లలుంటారు కదా, ఆ తలసీమియా జబ్బు మన గోదావరి పల్లెల్లో ఏ ఇళ్ళల్లో దాక్కుని ఉందో వెతకడం ఆవిడ పని. ముఖ్యంగా మేనరికాలు చేసుకున్న ఇళ్ళల్లో. నేను ఆవిడ ల్యాబులో టెక్నీషియన్ని. ఇద్దరం ఐస్ పెట్టె పట్టుకుని బస్సులెక్కి ఊళ్ళు తిరిగేవాళ్ళం.

ఊళ్ళోవాళ్ళు ఊరికే ఇస్తారా రక్తం? "తీసుకెళ్ళి అమ్ముకుంటారంటగా" అని ఒకావిడ మొహాన్నే అడిగేసింది. నాకు ఒళ్ళు మండిపోయింది. మేడమ్ గారు మాత్రం నవ్వేసి, "నీ రక్తం ఎవరు కొంటారే, అంతా కాఫీయే" అని చెయ్యి పట్టుకున్నారు. ఆవిడ కూడా నవ్వుతూనే సూది పొడిపించుకుంది. నాకా విద్య ఎప్పటికీ రాలేదు.

ల్యాబులో ఆవిడకో అలవాటుండేది. రోజూ మెషీను మొదలుపెట్టగానే ముందు తన రక్తమే పెట్టించేవారు. వారానికోసారి తన చెయ్యి నా ముందు చాపేవారు, ఆ రక్తం ఫ్రిజ్‌లో ఉండేది. తన రక్తంలో ఏ అంకె రావాలో ఆవిడకి తెలుసు. అది అలాగే వస్తే ఆ రోజు మెషీను నిజం చెబుతున్నట్టు. రాకపోతే ఆ రోజు ఎవరి రక్తమూ ముట్టుకోనిచ్చేవారు కాదు. "ఊళ్ళోవాళ్ళని పరీక్ష చేసేముందు మనం పరీక్షకి నిలబడాలమ్మా" అనేవారు.

అలాంటావిడ దగ్గర నేను చేసిన వెధవ పని చెబుతాను.

నాకు మా మేనమామ కొడుకుతో పెళ్ళి కుదిరింది. నేను పుట్టినప్పుడే మా అమ్మమ్మ అనుకున్న సంబంధం. శుభలేఖలు కూడా పంచేశారు. ఊరూరా తిరిగి మేనరికం వాళ్ళ రక్తం తీసే నేను, నా రక్తం చూసుకోడానికి మాత్రం జంకాను. మేడమ్ గారు ఒక్కసారైనా అడగలేదు. అడిగుంటే బాగుండేది, ఎదురు తిరిగి ఊరుకునేదాన్ని. అడక్కపోయేసరికి లోపల తొలిచెయ్యడం మొదలైంది.

ఒక శనివారం బావ నన్ను బండి మీద ల్యాబు దగ్గర దింపడానికొచ్చాడు. "చెయ్యి చాపు బావా" అన్నాను. "ఎందుకే?" అన్నాడు. "కొత్త సూదులొచ్చాయి, గుచ్చుకుంటాయో లేదో చూడాలి" అన్నాను. రొయ్యల చెరువుల మీద తిరిగే మనిషి, నవ్వుతూ చాపేశాడు. తర్వాత నాదీ తీసుకున్నాను. ఆవిడ పద్ధతిలో మెషీనులో పెట్టే ప్రతి ట్యూబుకీ నంబరుండాలి, ప్రతి నంబరు వెనకా ఒక మనిషుండాలి. వస్తామని చెప్పి రెండుసార్లు రాకుండా ఎగ్గొట్టిన భార్యాభర్తలొకళ్ళున్నారు. ఇక రార్లే అని వాళ్ళ నంబర్లు మా ట్యూబులకి అంటించేశాను.

రెండింటిలోనూ ఆ జబ్బు ఆనవాలు చూపించే అంకె పైకొచ్చింది. మా ఇద్దరికీ ఏ జబ్బూ లేదు, ఉండదు కూడా. కానీ ఇద్దరి రక్తంలోనూ దాన్ని పిల్లలకి అందించే లక్షణం ఉంది. అలాంటి ఇద్దరికి పుట్టే ప్రతి బిడ్డకీ నాలుగో వంతు ముప్పు. నేను ఊరూరా అందరికీ చెప్పే మాటే. కాయితం చింపి సంచిలో కుక్కుకున్నాను.

సోమవారం పొద్దున్న ఆ భార్యాభర్తలు టిఫిన్ క్యారేజీతో సహా దిగారు. "రెండుసార్లు రాలేకపోయామండి, ఏమీ అనుకోకండి" అంటూ చేతులు చాపారు. మేడమ్ గారు కంప్యూటర్లో వాళ్ళ నంబర్లు కొట్టారు. ఇవ్వని రక్తానికి ఫలితాలు కనిపించాయి. ఆవిడ మొహంలో ఏమీ మారలేదు. వాళ్ళకి కొత్త నంబర్లిచ్చి, రక్తం తీసి, సాగనంపి, అప్పుడు నా వైపు తిరిగారు.

"ఈ రెండూ ఎవరివో నేనడగను. వాళ్ళొచ్చి చెబితే వింటాను" అన్నారు.

చెప్పేశాను. వెక్కి వెక్కి ఏడ్చాను. ఆవిడ నా తల మీద చెయ్యి వేసి కూర్చున్నారు. ఏడుపు తగ్గాక గొంతు మారింది. "ఇప్పుడు ఆ రెండు ఫలితాలూ కొట్టేసి, ఎందుకు కొట్టేశావో రాసి కింద సంతకం పెట్టు. రేపు ఆ ఇంటికి నీ రిపోర్టు వెళ్ళుంటే? వాళ్ళ బతుకు ఏమయ్యేది?" అన్నారు. ఆ తిట్టు ఇప్పటికీ మర్చిపోలేదు.

సంతకం పెట్టాక, "బావకి చెప్పావా?" అన్నారు.

"లేదండి. చెబితే పెళ్ళి ఆగిపోతుందేమోనండి."

"ఆపమని నేననను. ఆపొద్దనీ అనను. తెలియకుండా మాత్రం చేసుకోవద్దు. జబ్బుకి మొహమాటం లేదమ్మా, మనకెందుకు?"

ఆ ఆదివారం ఆవిడే పాలకొల్లు పక్కనున్న మా ఊరొచ్చారు. మా అమ్మమ్మ కోడలి చేత పెసరట్లు వేయించి పెట్టి, సంగతి విన్నాక మాత్రం అగ్గి మీద గుగ్గిలమైంది. "మా రక్తంలో లోపమా? ఏ మాటలండీ అవి, శుభమా అని పెళ్ళి పెట్టుకుంటే!"

"మామ్మగారూ, నా రక్తంలోనూ ఉందండి ఇది" అన్నారు మేడమ్ గారు నెమ్మదిగా. నాకే తెలియదు ఆ సంగతి. రోజూ మెషీనులో పెడుతూ కూడా, ఆవిడ చెప్పిన అంకెతో సరిపోయిందా లేదా అనే చూసేదాన్ని తప్ప, అది పైనెందుకుందో ఎప్పుడూ ఆలోచించలేదు. అమ్మమ్మ ఆవిణ్ణి ఎగాదిగా చూసింది. కాసేపటికి చీర చెంగు పైకి జరిపి చెయ్యి చాపింది. "అయితే నాదీ చూడండి. నా వల్లో కాదో తెలియాలి కదా." వారం తర్వాత ఫలితం చెబుతూ మేడమ్ గారు, "మామ్మగారూ, ఈ లెక్కన మీరూ నేనూ చుట్టాలమండి" అన్నారు. అప్పట్నించి అమ్మమ్మ పోయేదాకా ఆవిడకి ఏటా మామిడికాయ పచ్చడి వెళ్ళేది.

బావ అంతా విని ఒక్కటే అడిగాడు. "కడుపులో ఉండగానే తెలుస్తుందాండీ?" తెలుస్తుందన్నారు. "అయితే చూపించుకుంటాం. నా మరదల్ని మాత్రం వదులుకోనండి" అన్నాడు, అందరి ముందూ. నాకు సిగ్గేసింది, ఏడుపూ వచ్చింది.

పెళ్ళయ్యాక మొదటిసారి కడుపొచ్చినప్పుడు, మూడో నెలలో హైదరాబాదు వెళ్ళాం. మేడమ్ గారు సెలవు పెట్టి రైల్లో మాతో వచ్చారు. పరీక్షలో ఆ బిడ్డకి జబ్బుందని తేలింది. ఏం చెయ్యాలో మమ్మల్నే అనుకోమన్నారు, తనేమీ చెప్పలేదు. వార్డుల్లో ఆ పిల్లల్ని చూసినదాన్ని నేను. రెండు రోజులు అన్నం ముట్టలేదు. చివరికి వద్దనుకున్నాం. నన్ను లోపలికి తీసుకెళ్ళినంతసేపూ మేడమ్ గారు బయట బావ పక్కన బెంచీ మీద కూర్చున్నారట.

రెండేళ్ళకి మా అమ్మాయి పుట్టింది. దానికి మాలాగే లక్షణం ఉంది, జబ్బు లేదు. ఇప్పుడు తొమ్మిదో క్లాసు. ఇంట్లో అందరూ ఆ మొదటి బిడ్డని మర్చిపోయారు. మర్చిపోవడమే మంచిదన్నారు. బావ అయితే మాటవరసకైనా ఎత్తలేదు. మగాళ్ళకేం, దులుపుకుపోతారని లోపల్లోపల కోపం ఉండేది నాకు. ఏటా ఆ బిడ్డ పోయిన తేదీన నాకు ఒక్క ఫోనే వచ్చేది. "ఏమ్మా, ఇవాళ బాగున్నావా?" అనేవారు మేడమ్ గారు. అంతకుమించి అడిగేవారు కాదు. ఆ బిడ్డ ఉండేదని ఈ లోకంలో ఒక్క మనిషికైనా గుర్తుంది అనుకునేదాన్ని.

ఆవిడ పోయిన తొమ్మిదో రోజున ఈ ఏటి ఆ తేదీ వచ్చింది. రోజంతా ల్యాబులో ఫోన్ తీసి చూడటం, లోపల పెట్టడం. పిచ్చిదాన్ని కాకపోతే ఎవరు చేస్తారు?

సాయంత్రం ఇంటికొచ్చేసరికి బావ మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. కాళ్ళకి చెరువు మట్టి అలాగే ఉంది. చేతిలో ఫోన్.

"ఏంటి బావా, ఇంత పెందలాడే వచ్చేశావు?"

ఫోన్ నాకు చూపించాడు. "ఇవాళ నాకో ఫోన్ రావాలే. ఇంక రాదు కదా" అన్నాడు.

"ఎవరిది?"

"మేడమ్ గారిది. ఏటా ఇదే రోజు చేసేవారు. బాగున్నావా బాబూ అనేవారు, అంతే. నువ్వు మర్చిపోయి ఉంటావు, మళ్ళీ గుర్తు చెయ్యడం ఎందుకని నీకు చెప్పలేదు."

పదహారేళ్ళుగా ఒకే ఇంట్లో ఉంటున్నాం. నేను వెళ్ళి పక్కన కూర్చున్నాను. "నాకూ చేసేవారు బావా" అన్నాను. బావ నా వైపు చూసి, చూసి, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఆ బిడ్డ ఉంటే ఇప్పుడు ఏ క్లాసులో ఉండేదో మొదటిసారి ఇద్దరం కలిసి అనుకున్నాం. బావ పది అన్నాడు, నేను ఇంటర్ అన్నాను.

లోపల్నించి మా అమ్మాయి వచ్చింది. "ఎవరికి ఇంటర్? ఏంటి, ఇద్దరూ ఏడుస్తున్నారు?"

నేను కళ్ళు తుడుచుకుని ఏదో సర్దిచెప్పబోయాను. బావ నా చెయ్యి పట్టుకుని ఆపాడు. "కూర్చో, చెప్తాం" అన్నాడు.

అది మా ఇద్దరి మధ్యా చోటు చేసుకుని కూర్చుంది.