మూడోసారి అడగని సెన్యోరా

ఆ రోజుల్లో నాకు ఒకచోట కుదురుగా కూర్చోవడం చేతనయ్యేది కాదు. అమెరికాలో మా ఊరు ట్రాయ్‌లో ఉంటే ఎక్కడికైనా పారిపోవాలనిపించేది, పారిపోతే తిరిగొచ్చేయాలనిపించేది. కాలేజీ రెండో ఏడు వేసవిలో స్పానిష్ నేర్చుకునే వంకతో ఆరు వారాలు మెక్సికోలో ఒకరింట్లో ఉండడానికి బయల్దేరాను. "సమ్మర్ అంతా వేస్ట్ చేస్తున్నావ్. వారంలో ఫోన్ చేసి టికెట్ చేంజ్ చేయమంటావ్, చూడు" అన్నారు నాన్న. ఆ మాటకి మండిపోయాను. అలాగే జరుగుతుందేమోనని నాకూ భయమే మరి.

ఆ ఇంటావిడని అందరూ సెన్యోరా అనేవాళ్ళు, నేనూ అంతే. మొదటి పూట వేడివేడి మొక్కజొన్న రొట్టెలు, చిక్కుడుగింజల కూర పెట్టి, "ఇంకొంచెం?" అంది. "వద్దండీ" అన్నాను. (మన ఇళ్ళల్లో మొదటి వద్దుకి అర్థం లేదు, రెండోది మర్యాద, మూడోసారి అడిగితే కంచం ముందుకు జరపడమే.) ఆవిడ గిన్నె తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది! మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. వంటింట్లోంచి ఘుమఘుమలు, గదిలో నేను కాలు కాలిన పిల్లిలా అటూ ఇటూ. క్లాసులో క్రియలు చెబుతుంటే నాకు రొట్టెలు కనిపించేవి. ఆరో రోజుకి, నేనంటే ఈవిడకి ఇష్టం లేదని తేల్చుకుని ఏడ్చాను కూడా. ఇంటికి ఫోన్ చేద్దామని కాలింగ్ కార్డు తీశాను గానీ, నాన్న నవ్వు ముందే చెవిలో వినపడి (ఆకలి కన్నా రోషం ఎక్కువ నాకు) డిక్షనరీ ముందేసుకుని కూర్చున్నాను.

గంటసేపు మాటలు కూర్చుకుని, వంటింట్లోకి వెళ్ళి గడగడా అప్పజెప్పాను. "మా ఇంట్లో మూడుసార్లు అడుగుతారు. మీరు ఒక్కసారే అడుగుతున్నారు. నాకు ఆకలేస్తోంది."

సెన్యోరా గరిటె పక్కన పెట్టేసింది. తర్వాత ఫ్రిజ్ మీదున్న కాగితం పీకి చూపించింది. అమెరికా పిల్లల్ని తినమని బలవంతపెట్టకండి, వద్దంటే వద్దనే అర్థం అని మా కాలేజీవాళ్ళు పంపారట. "మేమూ అడుగుతామే తల్లీ! నువ్వు అమెరికన్‌వి అన్నారని వారం నుంచీ నోరు నొక్కుకుని చస్తున్నాను" అంటూ నా కంచంలో నాలుగు రొట్టెలు పడేసింది. ఆ పూట మాత్రం అసలు అడగనే లేదు.

చివరి రోజు టాక్సీ దగ్గర, "ఇంకో వారం ఉండిపో" అంది. వద్దన్నాను. మళ్ళీ అడిగింది. మూడోసారీ అడిగింది. మా లెక్క ప్రకారం అప్పుడు ఒప్పుకోవాలి. కానీ అప్పటికే మనసు ట్రాయ్ మీదికి మళ్ళింది, కాలు నిలవడం లేదు. "మళ్ళీ వస్తానుగా" అన్నాను. ఏళ్ళు గడిచాయి, వెళ్ళలేదు. ఆ నిలకడలేని పిల్లని తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. సెన్యోరాని తలుచుకుంటే మాత్రం రాదు. వస్తానన్న ఆ మాటని ఆవిడ ఒక్కసారికే నమ్మేసింది.