గోనెకట్టల మీది పిల్ల: నందిగామ వరద శిబిరంలో ఒక రోజు

2009 అక్టోబరులో కృష్ణకు వరద వచ్చిన వారం, నేను పనిచేసే పత్రికలో పునరావాస శిబిరాల వార్తలు రోజూ వస్తూనే ఉన్నాయి. అవతలివాళ్ళు ఫోనులో చెబితే రాసుకోవటమే తప్ప ఒక్క శిబిరాన్నీ నేను కళ్ళతో చూడలేదు. అప్పుడు జగ్గయ్యపేటలో టీచరుగా పనిచేస్తున్న సత్యవతి గారు ఫోను చేశారు. నందిగామ నుంచి చందర్లపాడు వెళ్ళే దారిలో ఒక మిరపకాయల గోడౌను ఉందని, కృష్ణ ఒడ్డు పల్లెల వాళ్ళను అందులో ఉంచారని, ఆడవాళ్ళకూ పిల్లలకూ సాయం చేసే మనుషులు చాలటం లేదని చెప్పారు. "రాసుకోవటానికైతే వద్దండి. వడ్డించటానికైతే రండి" అన్నారు. సెలవు పెట్టి బయలుదేరాను.

విజయవాడ బస్టాండులో తెల్లవారుజామున ఆర్డినరీ బస్సు ఎక్కితే ఇబ్రహీంపట్నం, కంచికచర్ల మీదుగా గంటన్నరలో నందిగామ చేరవచ్చు. ఆ రోజు కీసర వంతెన దగ్గర బస్సు చాలాసేపు ఆగింది. కింద మునేరు ఎర్రగా, చప్పుడు లేకుండా పోతోంది. బస్సులో ఉన్నవాళ్ళు ఒకసారి చూసి తల తిప్పుకున్నారు. హైదరాబాదు వైపు నుంచి వచ్చేవాళ్ళకు గరికపాడు చెక్‌పోస్టు, జగ్గయ్యపేట దాటాక అరగంటలో నందిగామ వస్తుంది. అక్కడి నుంచి చందర్లపాడు వైపు షేర్ ఆటోలే దిక్కు, మనిషికి పది రూపాయలు. మా ఆటో అతను శీను గేటుకు కాస్త ముందే ఆపేశాడు. లోపలికి తీసుకెళ్ళమని అడిగితే మిరప ఘాటుకు తుమ్మలేక చస్తామన్నాడు. తర్వాత గోడౌను వైపు చూసి, "అంతమంది జనం ఉన్నారా, సంతలాగా ఉండాలి గదండీ. పిట్ట అరుపు కూడా వినపడదు. నాకెందుకో బాగుండదు సార్" అన్నాడు.

అతను చెప్పింది నిజమే. సరుకు ఎప్పుడో వెళ్ళిపోయి ఘాటు మాత్రం గోడల్లో మిగిలింది. వందల మంది ఉన్న రేకుల షెడ్డులో తుమ్ములు, దగ్గులు తప్ప మాట వినిపించదు. ట్యాంకరు వచ్చినప్పుడు నేను రెండు బకెట్లు నింపి గోడవారన పెట్టాను. ఒకామె వచ్చి ఆ నీళ్ళు బయట పారబోసి, బకెట్లు బోర్లించి పోయింది. వంట చూసే వెంకాయమ్మ గారు అది గమనించి, నిలవ నీళ్ళు కనపడితే వీళ్ళు నిద్రపోరని, తాగటానికి ఎన్ని కావాలో అన్నే పట్టుకోమని చెప్పారు. ఆమెదీ ముంపు పల్లే. అరవై దాటిన మనిషి, గరిటె వదలదు. అన్నం వార్చేటప్పుడు మాత్రం ముఖం పక్కకు తిప్పుకునేవారు.

సత్యవతి గారు తెచ్చిన పలకలు పిల్లలకు పంచాం. కాసేపు గీతలు గీసి ఆటకు లేచారు. నేలా బండా ఆట. మన దగ్గర ఆ ఆట ఆడితే వీధంతా అరుపులే. ఇక్కడి పిల్లలు నోరు మెదపలేదు. ఒకడు నేల మీద నిలబడ్డాడు, మిగతావాళ్ళు ఖాళీ గోనెల మీదికి ఎక్కారు. ఒక పిల్లవాడు ఎక్కలేకపోయాడు. వాణ్ణి ఎవరూ పట్టుకోలేదు. వాడంతట వాడే వెల్లకిలా పడుకున్నాడు. పిల్లలు దిగివచ్చి వాడి మీద గోనె కప్పి, మళ్ళీ ఎక్కారు. సత్యవతి గారు పలకలు సర్దుతున్న చేతులు ఆపి చూస్తూ ఉండిపోయారు. గోనె కింద పిల్లవాడు తుమ్మిన తర్వాతే మేమిద్దరం కదిలాం.

షెడ్డు చివర ఖాళీ గోనెసంచుల కట్టలు రెండు నిలువుల ఎత్తున పేర్చి ఉన్నాయి. వాటి మీద పావని అనే ఏడేళ్ళ పిల్ల ఉంది. వరద వచ్చిన రోజు తల్లి కోటేశ్వరి ఆమెను ఎదురింటి డాబా ఎక్కించి, "నేనొచ్చి పిలిచిందాకా దిగమాక" అని చెప్పి, గేదెను విప్పటానికి కిందికి పోయింది. తిరిగి రాలేదు. పడవలో వచ్చినవాళ్ళు ఏడుస్తున్న పిల్లను బలవంతంగా ఎత్తి తెచ్చారు. ఇక్కడ వదలగానే పావని నేరుగా ఆ కట్టల మీదికి ఎక్కింది, మళ్ళీ దిగలేదు. తల్లి శవం దొరికింది. తండ్రి ఎప్పుడో పోయాడు. పినతల్లి నాగమణి ఊరివాళ్ళతో కలిసి అక్కకు దహనం చేయించి, నేను వెళ్ళటానికి ముందురోజు రాత్రే శిబిరానికి చేరింది. పిల్లకు ఎవరూ ఏమీ చెప్పలేదు.

రోజూ తాడు కట్టిన క్యారేజీలో అన్నం పైకి పంపేవారు. రెండు పూటలుగా క్యారేజీ నిండుగానే కిందికి వస్తోంది. మధ్యాహ్నం వచ్చిన నర్సు కింది నుంచే పిల్ల దగ్గు విని, ఊపిరితిత్తులకు నిమ్ము చేసినట్టుందని, ఈ రాత్రికి ఆస్పత్రిలో పడకపోతే తనది పూచీ కాదని చెప్పింది. ఒకతను పైకి ఎక్కబోయాడు. పిల్ల గోడవైపు జరిగింది. అటువైపు కట్టలు వదులుగా ఉన్నాయి, జారితే కిందంతా సిమెంటు నేల. అతను దిగిపోయాడు. నిచ్చెన వేసి సత్యవతి గారు మాట్లాడి చూశారు. పావని మర్యాదగానే జవాబు చెప్పిందట. పిలిచిందాకా దిగవద్దని అమ్మ చెప్పిందంది.

సాయంత్రం వెంకాయమ్మ గారు నాగమణిని పొయ్యి దగ్గరికి పిలిచారు. కూరగాయలు తరుగుతూ నేను అక్కడే ఉన్నాను.

"నీది, మీ అక్కది ఒకటే గొంతు గదే. నువ్వు పిలు."

"చచ్చినదాని పిలుపు నేను పిలవనా అత్తా? ఇంకా పెద్దకర్మన్నా కాలేదు."

"పిల్ల గూడా పోయినాక చేద్దువుగాన్లే, ఇద్దరికీ కలిపి."

నాగమణి ఏడవలేదు. పిల్ల దిగి తన ముఖం చూశాక ఏం చెప్పమంటావని అడిగింది. పిల్లను మోసం చేయటం తప్పని సత్యవతి గారు అన్నారు. మరేం చేద్దామని నేను అడిగాను. పైన దగ్గు ఆగి ఆగి వస్తూనే ఉంది.

దీపాలు పెట్టే వేళకు కరెంటు పోయింది, పొయ్యి వెలుతురే మిగిలింది. నాగమణి లేచి, కట్టలకు వీపు పెట్టి నిలబడింది. షెడ్డులో ఉన్నవాళ్ళంతా తుమ్ములు కూడా ఆపుకున్నారు. "పావనీ" అని పిలిచింది. ఆ గొంతు వినగానే ఆడవాళ్ళలో కొందరు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. చెవులు మూసుకున్నవాళ్ళను కూడా చూశాను. పైన ఏ అలికిడీ లేదు. రెండోసారి పిలిచింది. గోనెల అంచున రెండు చిన్న పాదాలు కనిపించాయి. అక్కడే ఆగిపోయాయి.

నాగమణి వల్ల కాలేదు. తప్పుకోబోతే వెంకాయమ్మ గారు జబ్బ పట్టుకుని ఆపారు. ఏటి ఒడ్డు పల్లెల్లో పొద్దుగూకాక ఎవరైనా పిలిస్తే మొదటి పిలుపుకీ రెండో పిలుపుకీ పలకవద్దని పిల్లలకు నేర్పుతారట. చచ్చినవాళ్ళు మూడోసారి పిలవలేరని వాళ్ళ నమ్మకం. ఆ సంగతి ఆమె నాకు తర్వాత చెప్పారు. అప్పుడు మాత్రం నాగమణి చెవిలో, "మూడోది పిలవ్వే. పిల్ల దానికోసమే చూస్తంది" అన్నారు.

నాగమణి వెనక్కి తిరిగి, తల ఎత్తి పైకి చూసింది. ఈసారి ఆమె గొంతు వేరుగా ఉంది, కీచుగా, బొంగురుగా. "పావనీ, నేనమ్మా, పిన్నిని. దిగిరా."

పాదాలు కదిలాయి. పిల్ల వెనక్కి తిరిగి, కట్ట మీద కట్ట పట్టుకుంటూ దిగింది. ఒళ్ళు కాలిపోతోంది. నాగమణి ఆమెను ఎత్తుకుంది. పిల్లే ముందు మాట్లాడింది.

"అమ్మ రోజూ మాపటేల రెండుసార్లే పిలిచిద్ది పిన్నీ. అందుకే దిగలా."

కబురు పంపితే శీను ఆటోను ఈసారి గుమ్మం దాకా తెచ్చాడు. నందిగామ ఆస్పత్రికి వెళ్ళేటప్పుడు పావని దారంతా పినతల్లి ఒళ్ళోనే నిద్రపోయింది. నిమ్మే. కొన్నాళ్ళు ఉంచి పంపించారు. తల్లి సంగతి ఎవరూ ఆమెకు విడిగా చెప్పాల్సిన అవసరం రాలేదు.

ఆ పిల్ల అన్న మాటను నిర్ధారించుకోగలిగినంత వరకు నిర్ధారించుకున్నాను. ముందు సాయంత్రాల్లో ఎవరైనా పావనిని పేరుపెట్టి పిలిచారా అని కట్టల పక్కన పడుకునే ఆడవాళ్ళందరినీ అడిగాను. ఎవరూ పిలవలేదు. ఆ సాయంత్రాలు నాగమణి శిబిరంలోనే లేదు. జ్వరంలో పిల్లలకు లేని మాటలు వినిపిస్తాయని నర్సు చెప్పింది, కావచ్చు. కానీ వినిపించిన ఆ పిలుపుకు దిగకుండా ఉండటానికి ఏడేళ్ళ పిల్ల ఎంత నిబ్బరం కూడగట్టుకోవాలో నాకు తెలియదు. తల్లి బతికి ఉందనే ఆశతో పైన కూర్చుందని మేమంతా అనుకున్నాం. తల్లి పోయిందన్న సంగతి ఆ షెడ్డులో అందరికంటే గట్టిగా తెలిసింది ఆమెకే. దాన్ని ఎవరితోనూ అనకుండా, బతికున్న మనిషి ఒకరు మూడోసారి దాకా పిలుస్తారేమోనని కాచుకుని ఉంది.

ఇలాంటి శిబిరాలకు సాయానికి వెళ్ళేవాళ్ళకు ఒక్క మాట. బిస్కెట్లు, దుప్పట్లు నందిగామ బజారులో దొరుకుతాయి, మోసుకెళ్ళనక్కర్లేదు. ఏ పిల్లయినా మాట వినటం లేదని అక్కడ ఎవరైనా మీతో చెబితే, బతిమాలటానికీ బెదిరించటానికీ ముందు, ఆ పిల్ల ఎవరి మాట వింటోందో ఆడవాళ్ళను అడిగి తెలుసుకోండి.