పిడి మీద పేరు

పిక్కిలి రంగనాయకమ్మకు పామంటే భయం లేదు, అడవిపందంటే భయం లేదు. పోలీసు టోపీ కనబడితే మాత్రం కాళ్ళు చల్లబడతాయి. కారణం అటక మీద ఉంది. చనిపోయిన మొగుడు గోపాలప్ప వేరుశనగ చేనుకు కాపలాగా పెట్టుకున్న నాటు తుపాకి. దానికి లైసెన్సు లేదు.

ఆ వారం పోలీసులు ఆటోకు మైకు కట్టి తమిళంలో చాటించారు. గడువులోగా బడి మైదానానికి తుపాకి తెచ్చి ఇచ్చినవాళ్ళకు పొదుమన్నిప్పు, అంటే అందరికీ మాఫీ, కేసు ఉండదు. ఆ తర్వాత దొరికితే జైలే. ఇల్లు కొడుకు సుబ్బరాయన్ పేర ఉంది. పోయేది వాడే.

కాలేజీ చదివే మనవరాలు ఉషా ఫోనులో వెతికి ధైర్యం చెప్పింది. "ఇంగ్లీషులో దాన్ని అమ్నెస్టీ అంటారవ్వా. గ్రీకు నుంచి వచ్చింది. మరుపు అని అర్థం. తప్పు లేదనేది కాదు, మరిచిపోయినామనేది."

"పక్కింటి చిన్నత్తాయి నేను విరగ్గొట్టిన చాటనే ఇంకా మరిచిపోలే. పోలీసోళ్ళు తుపాకి మరిచిపోతారా?"

అసలు భయం వేరే ఉంది. పిడి మీద గోపాలప్ప తన పేరు తెలుగులో చెక్కుకున్నాడు. ఆ పేరు పోలీసుల కాగితాల్లోకి ఎక్కితే ఇంక మరుపెక్కడిది? మిగతావాళ్ళు చదివింది తమిళ బడిలో, ఆ ఇంట్లో తెలుగు చదవను వచ్చింది ఆయనొక్కడికే. దొంగ తుపాకి మీద పేరు చెక్కుకునే తెలివి కూడా ఆయనొక్కడికే! కొడవలితో గీకేద్దామని కూర్చుంది కానీ ఆమెకు చెయ్యి ఆడలేదు.

చివరికి కట్టెల మోపులో దాచి, ఉషాను వెంటబెట్టుకుని బడి మైదానానికి మోసుకుపోయింది. ఎస్సై తుపాకిని తిప్పి చూస్తూ పిడి దగ్గర ఆగాడు. ఆయనకు తెలుగు రాదు, పక్కనున్న కానిస్టేబుల్‌ను తమిళంలో పిలిచాడు.

"నువ్వు హోసూరు వాడివేగా, తెలుగొచ్చు కదా. ఇదేందో చదువు."

రంగనాయకమ్మ ఉషా చెయ్యి గట్టిగా పట్టుకుంది. కానిస్టేబుల్ బొటనవేలితో అక్షరాలు తడిమాడు. పెదవులు కదిలాయి, చప్పుడు లేకుండా ఆ పేరే పలికాయి. తలెత్తి ఆమె వంక చూశాడు.

"అరిగిపోయింది సార్. తెలియడంలే."

ఎస్సై తుపాకిని కుప్పలో పడేశాడు. కానిస్టేబుల్ దగ్గరికొచ్చి, మెల్లగా తెలుగులో అన్నాడు. "ఇంక ఇంటికి పో అవ్వా."

గేటు దాటగానే రంగనాయకమ్మ కూలబడింది. భయం దిగిపోయి ఏడుపు ముంచుకొచ్చింది.

"మీ తాత పోయినాక ఆ పేరు చదివింది ఆ పోలీసాయనొక్కడే ఉషా. ఆయనా మరిచిపోయినాడు."